ఇంజను నీళ్ళకు అల్లిన సంచి

మొన్న నరసాపురం నుంచి వస్తుంటే మా బస్సు దారి మధ్యలో ఆగిపోయింది. ముందు మూతిలోంచి బుస్సుమని ఆవిరి చిమ్మింది, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని కిందికి దూకారు, మగవాళ్ళు చుట్టలు ముట్టించుకుని తలో సలహా చెప్పారు. డ్రైవరు మాత్రం ఏమీ కంగారు పడకుండా కిరసనాయిలు డబ్బా పట్టుకుని పక్క బోదెలోకి దిగి, నాచూ బురదా సహా నీళ్ళు ముంచుకొచ్చాడు. తీరా ఇంజనులో పొయ్యబోతుంటే నేను ఊరుకోలేకపోయాను. "బాబూ, ఆ నీళ్ళు వడకట్టకుండానే పోసేస్తావా?" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "మామ్మగారండీ, ఇది బస్సండి. కాఫీ కాదండి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే నా భుజం మీది తువ్వాలు తీసి రెండు మడతలు వేసి అతను నీళ్ళు పోసే గొట్టం మూతి మీద పరిచాను. డబ్బా ఖాళీ అయ్యేసరికి తువ్వాలు మీద గుప్పెడు బురద, రెండు నత్తగుల్లలు, ఇంకా కొట్టుకుంటున్న ఒక కప్పపిల్ల మిగిలాయి. డ్రైవరు ఆ కప్పపిల్లని తీసి బోదెలో వదిలాడు. పక్కన నిలబడ్డ గుమాస్తా ఒకాయన, "ఇంజన్ల సంగతి మీకెలా తెలుసండీ?" అని అడిగాడు. చెప్పడం మొదలుపెడితే రాజమండ్రి దాకా సరిపోతుంది, ఆయనేమో పాలకొల్లులో దిగిపోతానన్నాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

గోదావరి మీద రైలు వంతెన పడిన కొత్తలో నాకు పెళ్ళయింది. మా ఆయన ధవళేశ్వరం కార్ఖానాలో పని నేర్చుకుని, నరసాపురం కాలువ మీద కొత్తగా పెట్టిన బియ్యం మిల్లులో ఇంజను మేస్త్రిగా చేరారు. దంపుడు బియ్యం తప్ప ఎరగని ఊళ్ళకి అది పెద్ద వింత. చుట్టుపక్కల జనం చల్ది మూటలు కట్టుకుని మరీ చూడడానికి వచ్చేవారు. ఊకతో మండే పొయ్యి, దాని మీద ఏనుగంత బాయిలరు, బాయిలరు పక్కన ఇంజను, దాని పెద్ద చక్రానికి తోలు పటకా. మిల్లు ఆవరణలోనే మేస్త్రికని ఒక పెంకుటిల్లు ఇచ్చారు. మా పుట్టింటిదీ అత్తింటిదీ కూడా తాటాకు కొంపే. వానాకాలంలో గిన్నెలన్నీ నేల మీద పరుచుకుని చినుకుల చప్పుడు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, ఆ పెంకుటింట్లో మొదటి వాన పడ్డ రోజు నేను గది మధ్యలో కూర్చుని పైకి చూస్తూ ఉండిపోయాను. ఒక్క బొట్టు రాలేదు. ఆ ఇంటి మీద నాకు ఎంత మమకారం పడిందో చెప్పలేను.

ఆ ఇంటితో పాటు నాకొక సవతి కూడా వచ్చిందని తర్వాత తెలిసింది. తెల్లవారగానే మా ఆయన మొహం కడుక్కోక ముందే దాని మొహం కడిగేవారు. ఇంజను కీళ్ళన్నిటి మీదా చిన్నచిన్న ఇత్తడి గిన్నెలు ఉండేవి, వాటిలో ఆముదం, ఆముదంలో నూలు వత్తి. ఆ వత్తి వెంట బొట్టుబొట్టుగా నూనె దిగి ఇనుము ఇనుముతో రాసుకోకుండా కాపాడుతుంది. మిల్లంటే దుమ్ము. గాలిలో ఎప్పుడూ తవుడే ఎగురుతుంది. అది ఆ గిన్నెల్లో పడి, నూనెతో కలిసి చలిమిడిలాగా ముద్ద కడుతుంది. అందుకని రోజూ పాత నూనె తీసేసి, గిన్నెలు తుడిచి, కొత్త వత్తి వేసి, గుడ్డలో వడపోసిన ఆముదం పొయ్యాలి. మా ఇంట్లో వంటకి నువ్వుల నూనె నిండుకుంటే ఆయనకి పట్టేది కాదు. ఇంజను ఆముదం నిండుకుంటే మాత్రం అన్నం సహించేది కాదు. ఒకసారి నా తలకి రాసుకుందామని ఆ డబ్బాలోంచి కాస్త ఆముదం ఒంపుకుంటే, "దాని నూనె ముట్టుకోకు, చెయ్యి పడితే నలుసులు పడతాయి" అన్నారు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు లేరు.

ఇక నీళ్ళ సంగతి. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు, వరదకి ఎర్ర నీరు వచ్చిందంటే బిందె అడుగున బెత్తెడు మట్టి పేరుతుంది. చిల్లగింజ అరగదీసి ఆ గంధం బిందెలో కలిపితే తెల్లారేసరికి నీళ్ళు అద్దంలా తేరుకుంటాయి. మనుషులకి పనికొచ్చింది బాయిలరుకి ఎందుకు పనికిరాదని మా ఆయన కాలువ గట్టున ఇటుకలతో పెద్ద తొట్టి కట్టించి, రోజూ సాయంత్రం అందులో చిల్లగింజల గంధం కలిపించేవారు. మర్నాడు పైనున్న తేట నీరే బాయిలరుకి. ఊళ్ళో వాళ్ళు వేళాకోళం చేసేవారు, "మేస్త్రిగారి ఇంజను మడి కట్టుకుందండోయ్" అని. అంత చేసినా తొట్టిలోంచి నీళ్ళు లాగే గొట్టంలోకి నాచూ నలుసులూ పోతూనే ఉండేవి. గొట్టం మూతికి ఉన్న చిల్లుల రేకు వాటిని ఆపలేకపోయేది. నేను పెళ్ళికి ముందే నరసాపురంలో మిషన్ దొరసానమ్మ దగ్గర లేసు అల్లిక నేర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆయన నా అల్లిక వైపు చాలాసేపు చూస్తూ కూర్చుంటే, పెళ్ళయిన ఇన్నాళ్ళకి నా పనితనం కంటబడింది గదా అని పొంగిపోయాను. "ఆ కన్నాలు ఇంకా దగ్గరగా రావా?" అని అడిగారు. అలా అల్లించారు నా చేత, లావుపాటి పురికోస నూలుతో, గొట్టం మూతికి తొడిగే సంచి. ఒకటి కాదు రెండు. ఒకటి నీళ్ళలో ఉంటే రెండోది ఉతికి ఆరెయ్యాలి. దొరసానమ్మ ఒకసారి మా ఇంటికి వచ్చి, దండెం మీద ఆరుతున్న సంచి చూసి, ఇదేం కొత్త రకం టోపీ అని ముచ్చటపడి, ఇలాంటివి ఇంకో పన్నెండు కావాలంది. ఆవిడకి నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇదంతా రోజువారీ సేవ. ఆదివారం తలంటు. ఆ రోజు పొయ్యి ఆర్పి, బాయిలరు చల్లార్చి, అడుగు కుళాయి విప్పి నీళ్ళన్నీ వదిలేసి, మా ఆయన దాని కడుపులోకి దూరేవారు. లోపల గోడలకి పట్టిన సున్నపు పెచ్చులు గీకి, మట్టి ఎత్తి, మళ్ళీ నింపేసరికి చీకటి పడేది. దీనివల్ల ఆయనకి రెండు వైపుల నుంచి మాటలు. మిల్లు షావుకారుగారు, "మీ గుడి కోసం నా ఇంజను ఆపేస్తావేంటయ్యా, దానికి కూడా బాప్తిస్మం ఇచ్చేశావా?" అనేవారు. గుళ్ళో పాదిరిగారేమో, "ఆదివారం నాడు ఆరాధనకి రాకుండా ఇనప పీపాలో కూర్చుంటాడేంటమ్మా మీ ఆయన?" అని నన్ను నిలదీసేవారు. ఇద్దరికీ ఆయన చెప్పే జవాబు ఒకటే. "ఆయ్, నిజమేనండి." అని మళ్ళీ ఆదివారం బాయిలరులో దూరేవారు.

మూడో ఏడు ఎండాకాలం ముందు వచ్చింది అసలు తంటా. ఎండలు ముదరగానే లాకుల తలుపులు దించి కాలువ కట్టేస్తారు. మరమ్మతులు చేసి మళ్ళీ నీళ్ళు వదిలేదాకా పడవ కదలదు. అప్పట్లో బియ్యం పోవడానికి పడవ తప్ప దారి లేదు. ఆ ఏడు పంట విరగపండింది. షావుకారుగారు ఆశకొద్దీ రైతులందరి దగ్గరా ధాన్యం తీసుకుని, కాలువ కట్టేలోగా బియ్యం చేసి పంపిస్తానని మాటిచ్చేశారు. గట్టున పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. పడవలు నడిపే సరంగులు వంటలు చేసుకుంటూ, చుట్టలు కాల్చుకుంటూ ఎదురుచూస్తున్నారు. ఒక శనివారం సాయంత్రం షావుకారుగారు మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డారు.

"మేస్త్రీ, కాలువ కట్టేదాకా ఇంజను ఆగడానికి వీల్లేదు. ఈ మూడు ఆదివారాలూ నడపాల్సిందే."

"ఆయ్, నడపచ్చండి. కాని అది నడవదండి."

"నడవకేం? ఎద్దుకైతే అలుపుంటుంది, ఇనుముకి అలుపేంటయ్యా?"

"అలుపు కాదండి. మురికండి. లోపల పెచ్చు కడితే మంట నీళ్ళకి తగలదండి, ఇనుముకి తగులుతుందండి. అప్పుడు పేలితే మీరూ ఉండరు, నేనూ ఉండనండి."

షావుకారుగారు చెడ్డవారు కాదు. మా ఇంట్లో జ్వరం వస్తే వాళ్ళింటి నుంచి జావ పంపించిన మనిషి. కాని తొందర నెత్తికెక్కినప్పుడు ఆయనకి చెవులు పనిచేసేవి కావు. తుని వైపు నుంచి ఒక ఇంజను డ్రైవరు నెల రోజులు ఆపకుండా నడుపుతానని కబురు చేశాడని, ఇంజను గది తాళాలు ఇచ్చెయ్యమని, కాలువ కట్టేలోగా ఇల్లు ఖాళీ చేస్తే సామాను పడవ మీద పోతుందని చెప్పి వెళ్ళిపోయారు. మా ఆయన తాళాలు తీసి ఆయన వెనకాలే వెళ్ళి ఇచ్చి వచ్చి, కాళ్ళు కడుక్కుని, భోజనం వడ్డించమన్నారు. నేను వడ్డించలేదు. పైన పెంకుల వైపు చూసి ఏడుస్తూ కూర్చున్నాను. ఒక్క మూడు ఆదివారాలు సర్దుకుపోతే మన సొమ్మేం పోయిందని ఆయన్నే తిట్టాను. "సర్దుకోవాల్సింది నేను కాదే, ఇనుము. దానికి మొహమాటం లేదు" అన్నారు.

ఆ కోపంలో నేను చేసిన పని ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఆ సోమవారం తుని డ్రైవరు వచ్చాడు. మెడలో ఎర్ర రుమాలు, నోట్లో ఈల. తొట్టిలో నీళ్ళు తేరేదాకా ఆగడం దండగ అని గొట్టం తీసి తిన్నగా కాలువలో పడేశాడు. సంచి అడ్డుపడి నీళ్ళు నెమ్మదిగా వస్తున్నాయని దాన్ని లాగి మా దొడ్లోకి విసిరేశాడు. అది సరిగ్గా, దగ్గుకి కషాయం పెట్టుకోవడానికి నేను పెంచుకునే తులసి మొక్క పక్కన పడింది. నా చేతి పని అలా బురదలో పడి ఉండడం చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. దాన్నీ, ఇంట్లో ఉన్న రెండోదాన్నీ ముందు వేసుకుని, ముడి విప్పి, దారం లాగడం మొదలుపెట్టాను. రోజుల తరబడి అల్లినవి అరగంటలో విప్పేశాను. ఆ దారం ఉండ చుట్టి ధాన్యం గాదె వెనక పడేసి, ఇక ఈ మిల్లుకీ నాకూ రుణం తీరిపోయిందనుకున్నాను.

పది రోజులు ఇంజను ఆగలేదు. షావుకారుగారు గట్టున పచార్లు చేస్తూ, మా కిటికీ ముందుకొచ్చేసరికి కాస్త గట్టిగా దగ్గేవారు. మా ఆయన ఇంట్లో కూర్చుని పెట్టెలు కడుతూ ఆ చప్పుడే వినేవారు. "ఎడం పక్క కీలు ఎండిపోయింది" అనేవారు ఉన్నట్టుండి. నాకు అదే డుబుడుబు వినబడేది. మధ్యాహ్నానికి ఆ కీలు దగ్గర పొగ లేచిందనీ, తుని ఆయన దాని మీద కడవతో నీళ్ళు కుమ్మరించి మళ్ళీ నడిపాడనీ కూలీలు చెప్పేవారు. కాలువలో నీళ్ళు రోజురోజుకీ తగ్గుతున్నాయి. పడవలవాళ్ళు గెడ వేసినప్పుడల్లా అడుగు బురదంతా పైకి లేస్తోంది. ఆ బురదే ఇంజను తాగుతోంది.

పదకొండో రోజు పొద్దున్న మా ఆయన తన పనిముట్ల పెట్టె మిల్లులో ఉండిపోయిందని తెచ్చుకోవడానికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను, పెట్టె రెండో పక్క పట్టుకోవడానికి. బాయిలరు ముఖాన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అందులో కనబడుతుంది. మేం పెట్టె మోసుకుని అటుగా వస్తుంటే తుని డ్రైవరు ఆ గాజుని షావుకారుగారికి గర్వంగా చూపిస్తున్నాడు. "చూడండి, నా చేతిలో నీళ్ళెంత నిలకడగా ఉన్నాయో. పొద్దుటి నుంచి వెంట్రుకవాసి కదల్లేదండి." మా ఆయన పెట్టె వదిలేశారు, నా కాలి మీద పడింది. "కదలకపోతే అవి నీళ్ళు కాదయ్యా!" అని అరిచారు. ఆయన అరవడం నేను వినడం అదే మొదలు. మరుగుతున్న బాయిలరులో నీళ్ళు ఎప్పుడూ వణుకుతూనే ఉండాలట. గాజులోకి వచ్చే దారి బురదతో పూడుకుపోతే పాత నీళ్ళే అక్కడ నిలబడి కళ్ళు కప్పుతాయట. లోపల నీళ్ళు ఎప్పుడో అడుగంటి ఉంటాయి. తుని డ్రైవరు పంపు తిప్పబోతే చెయ్యి పట్టి లాగేశారు, కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే అంతే సంగతులని. ఊక బూడిద తడిపించి పొయ్యి నిండా పోయించి మంట నొక్కేశారు. మిల్లులో ఉన్న వాళ్ళందరినీ గట్టుకి తరిమేశారు. షావుకారుగారిని కూడా జబ్బ పట్టుకుని తోశారు. తను మాత్రం అక్కడే నిలబడ్డారు. నేను గట్టు మీద నిలబడి, కాలి నొప్పి మర్చిపోయి, తెలిసిన కీర్తనలన్నీ కలిపి కలగాపులగంగా పాడాను. కాసేపటికి ఆయన బయటికి వచ్చి, "పర్లేదు, చల్లారుతోంది" అన్నారు. ఈలోగా తుని డ్రైవరు, తన తల్లికి ఒంట్లో బాగాలేదని చెప్పి, ఎవరిదో వెళ్తున్న పడవ ఎక్కేశాడు. ఎర్ర రుమాలు మాత్రం మిల్లులో వదిలేసి పోయాడు. దాన్ని నూనె గిన్నెలు తుడవడానికి వాడుకున్నాం.

షావుకారుగారు గట్టు మీద చతికిలబడిపోయారు. ఎదురుగా పడవలు, వెనకాల కొండంత ధాన్యం, కాలువ కట్టడానికి ఇంకా తొమ్మిది రోజులు. "మేస్త్రీ, నా మాట పోయిందయ్యా" అన్నారు. మా ఆయన ఆలోచించి, "రెండు రోజులు ఇవ్వండి. లోపల గీకుతానండి. తేట నీళ్ళు కావాలండి, సంచీ కావాలండి. తర్వాత పగలంతా నడుపుతానండి. మధ్యలో ఆదివారం మాత్రం ఆపుతానండి" అన్నారు. "ఆపవయ్యా బాబూ, ఆపు" అన్నారు షావుకారుగారు. మా ఆయన నా వైపు తిరిగి, "సంచులేవే?" అన్నారు.

తొట్టిలో మిగిలిన నీళ్ళు తక్కువ, కాలువ నీళ్ళు ఒట్టి బురద. సంచి లేకుండా ఆ నీళ్ళు మళ్ళీ బాయిలరులోకి పోతే ఇంత చేసీ ఫలితం లేదు. ఆయన ఉద్యోగం, ఇల్లు, షావుకారుగారి మాట, ఊరి ధాన్యం, అన్నీ నేను విప్పి పడేసిన ఆ అల్లిక దగ్గర వచ్చి ఆగాయి. "విప్పేశానండీ" అన్నాను. అందరి ముందూ. ఎలక కొరికిందని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది గాని, ఆయన మొహం చూస్తూ అబద్ధం రాలేదు. ఆయన తిడతారనుకున్నాను. ఆయన, "దారం ఉందిగా?" అన్నారు.

ఉంది. గాదె వెనక నుంచి ఉండ తీసి, పేటలోకి పరిగెత్తాను. లేసు అల్లే ఆడవాళ్ళు ఎనిమిది మంది వచ్చారు, అందులో ఒక పిన్ని తన కళ్ళజోడు తగిలించుకుని మరీ వచ్చింది. ఉండను ముక్కలు చేసి తలో ముక్క పంచాను. సంచి అడుగు ఒకరు, చుట్టూ గోడ ముక్కలుగా ఆరుగురు, మూతి పట్టీ ఒకరు. దొరసాని రుమాళ్ళకి పువ్వులు అల్లే చేతులు ఇంజను కోసం కన్నాలు బిగిస్తున్నాయి. పిన్ని అలవాటు కొద్దీ అంచున ఒక గులాబీ వేసేసింది, విప్పడానికి టైము లేక అలాగే వదిలేశాం. ఎదురుగా తొట్టి పక్కన షావుకారుగారు పంచె ఎగ్గట్టుకుని, సానరాయి ముందు పెట్టుకుని, కూలీలతో పాటు చిల్లగింజలు అరగదీస్తున్నారు. "ఏంటయ్యా మేస్త్రీ, నా చేత గంధం తీయిస్తున్నావు!" అని బాయిలరు వైపు కేకేశారు. లోపల్నుంచి, బావిలోంచి వచ్చినట్టు, "ఆయ్, ఇంకాస్త మెత్తగా రావాలండి" అని జవాబు వచ్చింది. ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లోపల నుంచి తట్టలతో పెచ్చులు వస్తూనే ఉన్నాయి. బొటనవేలంత మందం ఉన్న ఒక పెచ్చు షావుకారుగారు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిరగేసి చూశారు.

మూడో రోజు పొద్దున్న ఇంజను మళ్ళీ తిరిగింది. మధ్యలో ఆదివారం ఆగింది, ఎవరూ కిక్కురుమనలేదు. లాకులు దించే రోజున ఆఖరి పడవ మా గట్టు వదిలింది. దాని అడుగు రెండు చోట్ల నేలకి రాసుకుంది. సరంగులు నీళ్ళలోకి దిగి భుజాలతో తోశారు. ఊరంతా గట్టు వెంట దాంతో పాటు నడిచింది. లాకులు దాటిందని కబురు రాగానే షావుకారుగారు మా గుమ్మంలోకి వచ్చి, కట్టి పెట్టిన మా పెట్టెలు చూసి, "ఇవి విప్పుకోమ్మా" అన్నారు నాతో. తాళాలు గుమ్మం మీద పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన ఆదివారం గీకుడుకి నలుగురు మనుషుల్ని ఇచ్చారు. దాంతో మా ఆయన పని మధ్యాహ్నానికే తెమిలిపోయేది. ఒళ్ళు రుద్దుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను తీసుకుని గోదావరి రేవు దాకా నడిచేవారు. అక్కడ జనాన్ని ఏరు దాటించే పంటి ఎక్కి అవతలి గట్టుకి వెళ్ళి, ఏ పనీ లేకుండా మళ్ళీ అదే పంటిలో వచ్చేవాళ్ళం. గోదావరి గాలికి ఆయన వంటి మీద ఆముదం వాసన వచ్చేది. అది నాకు ఇష్టమని ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సింది.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ముప్ఫై ఏళ్ళ పైన సాగింది మా కాపురం. అందులో ఇంజను తిరిగిన రోజులు వేలకి వేలు, ఒక్కటీ విడిగా గుర్తు రాదు. ఇంజను ఆగిన రోజులైతే ఏ చీర కట్టుకున్నానో, రేవులో ఎవరు కనబడ్డారో, ఆయన ఏ మాటకి నవ్వారో కూడా చెప్పగలను. పరుగెత్తిన కాలమంతా ఎటు పోయిందో నాకు తెలియదు, ఆగి కడుక్కున్న కాలం మాత్రం నా దగ్గరే ఉంది.